కొరికిన కార్డు

నేను కత్తిని కొట్లోనే వదిలి వెళ్ళడం గొడుగాయన అదృష్టం. కోళ్ళు కొట్టే చేతులు నావి. మధ్యాహ్నం దాకా కొట్టి, ఒంటికి కట్టుకున్న రెక్సిను గుడ్డ కూడా విప్పకుండా, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పన్నుల ఆఫీసు ముందుకు వెళ్ళాను.

తమ్ముడికి చూపు లేదు. కార్ఖానాలో బాయిలరు పేలి రెండు కళ్ళూ పోయాయి. ఆ తరువాత ఒక ఫర్నిచరు కంపెనీలో కుర్చీలకు వైరు అల్లేవాడు. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో వేళ్ళతో తడిమి చెప్పేసేవాడు. వాడి చిన్న జీతంలోంచి పన్ను ముందే కోసుకునేవారు. ఏటా రిటర్ను వేస్తేనే అది తిరిగొస్తుంది, వికలాంగుల భత్యమూ ఆగకుండా ఉంటుంది. ఆ ఏడు గడువు ఆ సాయంత్రంతో సరి. దాటితే భత్యం పోయినట్టే.

గొడుగాయన అంటే ఆఫీసు ఎదుట పెద్ద గొడుగు పాతుకుని కూర్చునే రైటరు. మా బోటివాళ్ళ రిటర్నులన్నీ ఆయనే వేస్తాడు, వచ్చినదాంట్లో సగం మింగుతాడు. పైగా అందరి వైకల్యం కార్డులూ తన రేకుపెట్టెలోనే పెట్టుకుంటాడు. "మీ దగ్గరుంటే పారేసుకుంటారమ్మా" అని తేనె పూసిన మాటలు. మేమూ తలూపి ఇచ్చేశాం. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

ముందురోజు బస్టాపులో చంకకర్రల పెద్దాయన ఒకరు తమ్ముడితో మాట కలిపాడు. లైబ్రరీ వెనక గదిలో రిటైరైన ఆడిటరమ్మ ఒకావిడ గడువు రోజు దాకా కూర్చుని, తక్కువ రాబడి ఉన్న వికలాంగులకు ఉచితంగా రిటర్ను వేసిపెడుతోందట. మనిషి వెళ్ళాలి, అసలు కార్డు చూపించాలి. అంతే.

"ఊరికే వేసేవాళ్ళ దగ్గరికి పోతే భత్యం కోసేస్తారని గొడుగాయన చెప్పాడు కదరా" అన్నాను.

"కోసేది ఎవరో నీకింకా తెలీలేదా అక్కా?" అన్నాడు తమ్ముడు.

వాడు నెమ్మదస్తుడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, నువ్వు మాత్రం నోరెత్తకు అని దారంతా నాకు చెబుతూనే వచ్చాడు. గొడుగు దగ్గరికి చేరాక వాడే అడిగాడు.

"అన్నా, నా కార్డు ఇవ్వు. లైబ్రరీ దగ్గర చూపించాలి."

గొడుగాయన పెన్ను కింద పెట్టాడు. వెనక స్టూలు మీద కూర్చున్న వాళ్ళ బావమరిది లేచి నిలబడ్డాడు. మనిషి దున్నపోతులా ఉంటాడు, కాళ్ళకు బూట్లు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావేంరా" అన్నాడు గొడుగాయన.

"మీ ఇంట్లో నేనేం తినలేదన్నా. నువ్వే తిన్నావు."

బావమరిది వాడి చెంప పగలగొట్టాడు. చూపున్నవాడైతే తల తిప్పుకునేవాడు. వీడికి చెయ్యి వస్తున్నట్టే తెలియలేదు. చేతికర్ర ఒకవైపు, నల్లద్దాలు ఒకవైపు, వాడొకవైపు పడ్డారు.

ఆ తరువాత నాకు మంచీ చెడూ తెలియలేదు. గొడుగును రాతి దిమ్మలోంచి పీకి, ఆ ఇనపరాడ్డుతో బావమరిది మోకాలు మీద కొట్టాను. వాడు కూలబడ్డాడు. గొడుగాయన నా జుట్టు పట్టుకుని గుంజాడు. మోచేత్తో వాడి మూతి మీద పొడిచాను. వాడి పన్ను ఊడింది, నా మోచెయ్యి చీరుకుపోయింది. బల్లను తన్నాను. రేకుపెట్టె బోర్లాపడి కార్డులన్నీ రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. వరసలో ఉన్న పోలియో కాలు టైలరు, మూగ చాకలావిడ, మిగతావాళ్ళూ వాటి మీద పడ్డారు. గొడుగాయన అడ్డం వస్తే చాకలావిడ వాడి చెయ్యి కొరికింది. వీధంతా నిలబడి వేడుక చూసింది. ఒక్కడూ ముందుకు రాలేదు, వాళ్ళ మొహాలు మండ.

తమ్ముడు మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో కార్డు మూలా తడుముతున్నాడు. కార్డు చేతికొచ్చిన రోజునే వాడు దాని మూల పంటితో కొరికి పెట్టుకున్నాడు. బస్సు పాసుకు ఒక కాటు, బ్యాంకు కార్డుకు రెండు, దీనికి మూడు. ఎలకగా పుట్టాల్సినవాడివి అని నేను వెక్కిరించేదాన్ని.

బావమరిది కుంటుకుంటూ లేచి, తమ్ముడి కుడిచేతి మీద బూటు పెట్టి నలిపాడు. ఎముక విరిగే చప్పుడు నాకు కొత్త కాదు, రోజూ వినేదే. ఆ రోజు మాత్రం పక్కన పడ్డ రాడ్డు కోసం వెతుక్కున్నాను. అప్పటికి తమ్ముడి ఎడమచేతికి కార్డు దొరికింది. బూటు ఆ చేతి మీదా పడింది. తమ్ముడు తల వంచి, వేళ్ళ సందులోంచి కార్డును పళ్ళతో లాక్కున్నాడు. నేను రాడ్డు రెండు చేతులా ఎత్తి బావమరిది మెడ పక్కన దించాను. వాడు పడ్డాడు, మళ్ళీ లేవలేదు. మూలుగుతూనే ఉన్నాడు కాబట్టి బతికే ఉన్నాడు. గొడుగాయన ఏ సందులో దూరాడో కనబడలేదు.

"ఆసుపత్రికి పోదాం పద" అన్నాను. కార్డు పళ్ళ మధ్యే పెట్టుకుని తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

లైబ్రరీ వెనక గదికి తాళం వెయ్యబోతున్న ఆడిటరమ్మ మమ్మల్ని చూసి గోడకు చేరగిలబడింది. "ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి బాబూ" అంది.

తమ్ముడు కార్డును బల్ల మీద వదిలాడు. "రేపు మీరూ ఉండరు, గడువూ ఉండదు. వెయ్యండమ్మా."

ఆవిడ కూర్చుంది. కార్డు మీది నెత్తురు పమిటతో తుడిచి వివరాలు ఫారంలో ఎక్కించింది. ఒక్క తప్పూ పోలేదు. ఒక్కో ప్రశ్నా చదువుతోంది, తమ్ముడు జవాబిస్తున్నాడు. వాడి చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఉబ్బి, వేళ్ళు తలో దిక్కూ తిరిగి. ఆ వేళ్ళతో ఇక వైరు అల్లలేడని నాకు తెలుస్తూనే ఉంది. వాడికీ తెలుసు.

"పోయినసారి కంటే వైకల్యంలో మార్పు ఏమైనా..." అని చదువుతూ ఆవిడ తలెత్తింది. ఆ చేతులు కనబడి ఆగిపోయింది.

"ఇది పోయిన ఏడాది లెక్క కదమ్మా" అన్నాడు తమ్ముడు. "మార్పు లేదని రాయండి. ఇవాళ్టిది వచ్చే ఏడు చెబుతాను."

నాకు ఏడుపు ఆగలేదు. కోడి నెత్తురు వాసన కొట్టే రెక్సిను గుడ్డలో మొహం దాచుకున్నాను. ఆవిడ 'మార్పు లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.