రత్నమణి మధ్యాహ్నపు ఇంగ్లీషు

మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు సర్దేసి, వరండాలో మంచం మీద రత్నమణి నడుం వాల్చేది. కాసేపటికి గురక మొదలయ్యేది. గురక ఆగాక ఇంగ్లీషు మొదలయ్యేది.

జగ్గయ్యపేటలో ఆ వీధికి ఇది కొత్త సంగతేం కాదు. మెలకువగా ఉన్నప్పుడు రత్నమణికి ఏబీసీడీలు కూడా రావు. నిద్రపట్టిందంటే మాత్రం గుక్కతిప్పుకోకుండా మాట్లాడేది. లేచాక అందులో ఒక్క ముక్కా ఆవిడకి గుర్తుండేది కాదు. పక్కింటి గౌసియాబీ తన సెల్లుకి ఇంగ్లీషులో ఎవరైనా ఫోన్ చేస్తే, దాన్ని తెచ్చి ఆవిడ చెవి దగ్గర పెట్టి తన పని చూసుకోవడానికి వెళ్లిపోయేది.

కోడలు రూబీకి ఇది బాగా కలిసొచ్చింది. రూబీ నర్సు. ఐర్లాండులో ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. మొదటిసారి వినడంలో, మాట్లాడడంలో బోల్తాపడింది. మాట్లాడే పరీక్షలో ఎదుటివాళ్లు పేషెంటుగా నటిస్తారు. వాళ్ల బాధేమిటో నర్సు మాటల్లోనే రాబట్టాలి. నందిగామ కోచింగు సెంటర్లో వరప్రసాదరావు సారు తల పట్టుకునేవాడు.

"నువ్వు పేషెంటుని నోరు తెరవనివ్వట్లేదమ్మా. ఏం కాదులే, పడుకోండి అనేస్తున్నావు."

"ఆస్పత్రిలో అందరం అట్టాగే అంటామండి."

"అందుకే పోయింది. అడుగు. అడిగి విను. ఇంట్లో ఎవరితోనైనా ప్రాక్టీసు చెయ్యి."

ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నిద్రపోయే అత్తగారికే. రూబీ మంచం పక్కన కూర్చుని అడిగేది, ఆవిడ చెప్పేది. చెవులు రిక్కిస్తే తప్ప అందనంత వేగంగా చెప్పేది.

అయినా రూబీకి ఆవిడ మీద నమ్మకం లేదు. మొదటిసారి పరీక్ష రోజు పొద్దున్నే రత్నమణికి కళ్లు తిరిగాయి. రూబీ ఆ కంగారుతోనే వెళ్లి, పరీక్ష పాడుచేసుకుని తిరిగొచ్చేసరికి, ఆవిడ గుమ్మంలో కూర్చుని నిక్షేపంగా చిక్కుడుకాయలు వలుస్తోంది. అసలు రూబీ వెళ్లడమే ఆవిడకి ఇష్టం లేదు. మనవరాల్ని చూపించి, "పిల్లకి జడెవరు వేస్తారు?" అని మొహం మీదే అనేది. పైగా ఈ మధ్య నిద్రలో చెప్పే జబ్బు మారట్లేదు. మోకాళ్ల గురించి అడిగినా, షుగరు గురించి అడిగినా గుండెల మీద బరువుగా ఉందనే చెప్పేది. లేచాక అడిగితే, "నాకేం, రాయిలా ఉన్నా," అనేది.

నిద్ర నటిస్తోందేమోనని రూబీ ఒకరోజు అరికాలు గోకి చూసింది. ఆవిడ కదల్లేదు. అనుమానమూ కదల్లేదు. సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి మొగుడు శాంతికుమార్ రాగానే చెప్పేసింది.

"నన్ను ఆపడానికే మీ అమ్మ ఇదంతా చేస్తోంది."

"మా అమ్మకి అంత ఇంగ్లీషెక్కడిదే," అన్నాడు అతను చొక్కా దులుపుకుంటూ. ఆ మాటలో తప్పేమిటో ఇద్దరికీ తట్టలేదు.

రెండోసారి పరీక్ష విజయవాడలో. ఆ పొద్దున రత్నమణి తెల్లచీర కట్టుకుని తయారుగా ఉంది.

"నేనూ వస్తా. బయట కూర్చుని ప్రార్థన చేసుకుంటా."

"ఎండలో ఎందుకత్తయ్యా?"

"వస్తానన్నాగా."

దార్లో ఏం నాటకం ఆడుతుందోనని రూబీ జంకింది. కాదంటే, కోడలు ప్రార్థన వద్దందని చర్చి అంతా చాటుతుంది. చేసేదిలేక సరేనంది.

బస్సు హైవే ఎక్కగానే రత్నమణి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నందిగామ దగ్గర పడుతుండగా ఇంగ్లీషు మొదలైంది. ముందు సీటాయన ఒకసారి వెనక్కి చూసి, మళ్లీ ఫోన్లో పడిపోయాడు. ఎడమ చెయ్యి లాగేస్తోందని, చెమటలు పడుతున్నాయని చెప్పింది రత్నమణి.

మొదలెట్టింది, అనుకుంది రూబీ. ఏం కాదులే, పడుకోండి అన్న మాట ఇంగ్లీషులో నోటిదాకా వచ్చింది. ఎలాగూ ప్రాక్టీసే కదా అని దాన్ని మింగేసి, సారు చెప్పినట్టే అడిగింది.

"ఎప్పటినుంచి ఉందమ్మా ఈ నొప్పి?"

"తెల్లవారుజాము నుంచి, సిస్టర్."

"ఇంట్లో ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

రత్నమణి అదే ఇంగ్లీషులో మెల్లగా అంది.

"మా కోడలికి ఇవాళ పరీక్ష. పోయినసారి నా వల్లే పోయింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే భయమేసి దాని వెంట వచ్చా. దానికి మాత్రం చెప్పకండి, సిస్టర్."

రూబీ ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. తన మీద తనకే అసహ్యం వేసింది.

నందిగామలో బస్సు ఆగగానే అత్తగారిని పట్టుకుని దింపింది. రత్నమణికి మెలకువ వచ్చింది.

"ఇది బెజవాడ కాదుగా. నీ పరీక్షో?"

"జాగ్రత్తగా దిగండి అత్తయ్యా."

ఆస్పత్రిలో డాక్టరు అడిగితే రత్నమణి, "గ్యాసండి," అంది. అప్పుడు రూబీ అందుకుంది. బరువు ఎన్నాళ్ల నుంచి ఉంది, ఇవాళ నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకింది, అంతా ఇంగ్లీషులోనే, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఈసీజీ చూసి డాక్టరు అంబులెన్సు పిలిపించాడు. విజయవాడలో స్టెంటు వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. అదే ఊళ్లో, ఆ వేళకే, రూబీ లేకుండానే ఆమె పరీక్ష కూడా అయిపోయింది.

మర్నాడు రత్నమణి కళ్లు చిన్నవి చేసి కోడల్ని చూసింది.

"నాకు నొప్పని నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదత్తయ్యా," అంది రూబీ.

రత్నమణి నమ్మలేదు. అలా అనుమానంగా చూస్తూ చూస్తూనే నిద్రలోకి జారుకుంది. రూబీ ఆవిడ నోటి దగ్గరికి చెవి వంచి కూర్చుంది.