మిక్క చేసిన మట్టి చేట

కొండవాలున పంటల దేవత దెమెతెర్ తల్లి గుడి మెట్లకు అటూ ఇటూ విందు గదులు. ఒక్కో గదిలో గోడలకు ఆనించి కట్టిన ఏడు అరుగులు, అరుగుకో ఆడది. ఒకతె చస్తేనో, ఒకతెను వెళ్లగొడితేనో తప్ప ఎనిమిదో మనిషికి చోటు లేదు. పై గదిలో తలుపు పక్క అరుగు దెక్సిప్పది. ఈ ఏడు ఆ అరుగు మీద లిసిల్ల కన్ను పడింది.

లిసిల్ల ఆ గదికి పెద్ద. ఆమె కొత్త కోడలు ఫిలిన్న నువ్వుల ముద్దల పళ్లెం ఒళ్లో పెట్టుకుని పొద్దుటి నుంచీ గుమ్మం బయట కూర్చుని ఉంది, ఎప్పుడు పిలుస్తారా అని.

దెక్సిప్పకు అరుగు మీద మోజేమీ లేదు. ఆమె ప్రాణమంతా పైబట్ట చాటున దాచుకున్న మట్టి చేట మీద ఉంది. అరచేతిలో ఇమిడే చేట, దాన్నిండా రేగుపళ్లంత మట్టి రొట్టెలు. విందయ్యాక ఎవరి చేటను వాళ్లు గుడి వెనక గుంటలో తల్లికి సమర్పిస్తారు. ఈ చేట చేసింది దెక్సిప్ప ఒక్కగానొక్క కూతురు మిక్క. నిరుడు ఒక్కో రొట్టె మీదా బొటనవేలు నొక్కి, "వచ్చే ఏడు తల్లికి నాదే ఇవ్వాలమ్మా" అంది. వేసవిలో బావిలో పడి చనిపోయింది. దెక్సిప్ప ఆ చేటను కుమ్మరి ఆవంలో కాల్పించి దాచింది. దెమెతెర్ కూతురు కూడా చచ్చినవాళ్లుండే కింది లోకానికి పోయింది కదా. ఈ చేట ఆ తల్లికి చేరితే ఆవిడ అర్థం చేసుకుంటుంది. అయితే అరుగు పోయిన ఆడదాన్ని గుంట దగ్గరికి రానివ్వరు.

అరుగు పోవడానికి ఒక్క కన్నీటి చుక్క చాలు. కూతురి కోసం తిండి మానేసి కూర్చున్న దెమెతెర్‌ను ఒక ముసలి దాసి మోటు మాటలతో నవ్వించిందట. అందుకని విత్తనాలు చల్లే ముందు ఈ విందులో ఆడవాళ్లు ఒకరినొకరు దెప్పుకోవాలి, మాట పడినవాళ్లు కూడా నవ్వాలి. మెట్ల అడుగున సరిహద్దు రాయి దాటే లోపల ఎవరు ఏడ్చినా ఊరి విత్తనం కుళ్లిపోతుంది.

పంది మాంసం అయిపోయింది. ద్రాక్షసారా గిన్నె చేతులు మారుతోంది. దెక్సిప్పను దెప్పే వంతు వచ్చేసరికి పక్కింటి తిమో గబగబా తనే మొదలెట్టింది.

"వదినా, మీ ఆయన గురకకు మా మేకలు పాలు ఎగ్గొడుతున్నాయే తల్లీ!"

"గోడకు చెవి ఆనించి పడుకుంటే వినపడదూ మరి?" అంది దెక్సిప్ప. అందరూ నవ్వారు.

"ఒసేయ్ తిమో, అది దెప్పడమా, జోల పాడటమా? తల్లికి ఆవలింతలొస్తున్నాయి." లిసిల్ల మోచేతి మీద పైకి లేచింది. "అమ్మాయ్ దెక్సిప్పా, మీ బావి నీళ్లు ఈ మధ్య తియ్యగా ఉంటున్నాయటగా? నాకూ ఓ కుండ పంపరాదూ?"

ఆడవాళ్లు ముందు లిసిల్ల ముఖం చూశారు. తరవాత నవ్వారు. పైబట్ట కింద దెక్సిప్ప బొటనవేలు రొట్టెల మీద మిక్క వేలి నొక్కుల్ని తడిమింది. ఒక్కదాంట్లోనూ పట్టలేదు.

"పంపేదాన్నే అత్తా. మోసుకొచ్చే మనిషి లేదు."

"అబ్బో, నోరు బాగానే ఉంది! పిల్ల పడ్డప్పుడేం చేస్తున్నావే నువ్వు? రొట్టెలు కాలుస్తున్నావట. మాడాయా?"

"మాడలేదు."

"ఎందుకు మాడతాయి! కన్నంతా వాటి మీదే ఉంచావుగా."

"చాలత్తా," అంది తిమో మెల్లగా.

"చాలని తల్లి అనాలి, నువ్వు కాదు."

దెక్సిప్ప నోట్లో రొట్టె కుక్కుకుని నవ్వినట్టు పళ్లు చూపించింది. లిసిల్లకు అది ఆనలేదు.

"ఓర్చుకోవడం బండరాయికీ చేతనవుతుంది. నీ వంతుకు నువ్వు మమ్మల్ని నవ్వించు. ఆ పిల్ల మీదే చెప్పు. తల్లి కూతుర్ని పోగొట్టుకుని కూడా నవ్వింది. నువ్వు ఆవిడ కన్నా గొప్పదానివా?"

గుమ్మంలో ఫిలిన్న లేచి నిలబడి బట్టలు దులుపుకుంది.

దెక్సిప్ప రొట్టె మింగింది.

"ఏం చెప్పమంటారమ్మా," అంది. "ఉత్త మొద్దుది. ఊడవమంటే సగం ఊడ్చేది, నూలు వడకమంటే సగం వడికేది. ఆ రోజు బావిలోకి కుండ దించవే అన్నాను. కుండను గట్టు మీద పెట్టి తను దిగింది. బుద్ధెరిగాక చివరిదాకా చేసిన పని అదొక్కటే."

 గది నవ్వులతో పగిలిపోయింది. తిమో కూడా పక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లిసిల్ల అరుగు మీద అరచేత్తో బాదింది.

"నీదేనే ఆ అరుగు, నీదే!" అంది కళ్లు తుడుచుకుంటూ. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లకు తప్పు లేదు.

గుంట దగ్గర దెక్సిప్ప చేటను నెమ్మదిగా లోపలికి దించింది. మిక్కతో ఏదో ఒక మాట చెప్పాలనుకుంది. ఎంత వెతికినా నోటికి ఆ ఎగతాళి మాటే వచ్చింది. పెదవులు బిగించి మెట్లు దిగింది.

ఆ మాట ఆమె కన్నా ముందే దిగింది. ఒక్కో గది దాటుతుంటే లోపల నవ్వులు పగులుతున్నాయి. అన్నిటికన్నా కింది గదిలోంచి ముఖమెరగని ఒకావిడ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"అక్కా, ఇది విన్నావా? పైన ఎవత్తో చెప్పిందట!"

సరిహద్దు రాయి ఇంకా కిందనే ఉంది.

"వినలేదే. చెప్పు," అంది దెక్సిప్ప.

ఆవిడ చెప్పింది. కుండ బదులు బొక్కెన అయింది, తల్లి బదులు మారుతల్లి అయింది.

"ఇంతకీ ఆ పిల్ల పేరేమిటట?" అని లోపల నుంచి ఒకతె అడిగింది.

"పేరెందుకే, మొద్దుది అంటే చాలదూ!"

గదంతా మళ్లీ నవ్వింది. దెక్సిప్ప కూడా నవ్వింది.