మూడు సున్నాలు

పన్నెండు గంటలకు బస్సు రూటు ఫైలు జిల్లా ఆఫీసుకు వెళ్లిపోతుంది. అప్పటికే పదకొండున్నర. సభలో వెనక నిలబడ్డ గిరి చొక్కా వీపుకు అంటుకుపోయింది. అది ఎండ వల్ల మాత్రమే కాదు.

మెయిన్ రోడ్డు పక్కన బడిలో సభ. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఎంపీడీఓ హేమావతి కాగితం చదువుతోంది. మండలానికి ఒకే ఒక్క బ్యాటరీ బస్సు వస్తోంది. పొగ తగ్గాలి, ఎండల్లో జనం నడక తగ్గాలి అన్నది ప్లాను. అది ఏ ఊళ్ల మీదుగా తిరగాలో తేల్చేది ఫిబ్రవరిలో బస్టాపుల్లో తీసిన లెక్క.

“గుట్టకిందపల్లె. మూడు రోజుల్లో బస్సెక్కినవాళ్లు సున్నా, సున్నా, సున్నా. ఉన్న డీజిల్ బస్సునే ఈ లెక్క చూసి మార్చిలో ఆపేశారు. కొత్తది ఎలా ఇమ్మంటారు?”

ఆ సున్నాలు గిరి పెట్టినవే. అతను గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు. లెక్కకు వారం గడువిస్తే, ఆరు రోజులు బళ్లారిలో బామ్మర్ది పెళ్లికి పోయాయి. ఏడో రోజు ఊరికొస్తే మాఘ పున్నమి. ఆ రోజు గుట్టకిందపల్లెలో పొయ్యి వెలగదు. తెల్లవారకముందే ఊరంతా తాళాలేసుకుని, గొడ్డూగోదాతో పొలిమేర దాటుతుంది. పొద్దుగూకాకే తిరిగొస్తుంది. తాతలనాటి కట్టుబాటు.

అందరికన్నా ఆలస్యంగా తాళం వేస్తున్న సిద్దమ్మ అతన్ని చూసి నవ్వింది.

“ఏమప్పా, ఈ దినం ఎవర్ని లెక్కబెడతావు, కుక్కలనా? రేపు రా. బస్సులో నిలబడేదానికి గూడా సందుండదు.”

రేపటికి గడువు లేదు. ఖాళీ బస్టాపులో కూర్చుని గిరి ఒక సున్నా వేశాడు. అదే పెన్నుతో ముందు రెండు రోజుల గళ్లలో ఇంకో రెండు వేశాడు. కళ్లతో చూసిందే రాశానని సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట ఒక్క సున్నాకే సరిపోయింది.

బస్సు ఆగాక ఊరివాళ్లు ఎక్కడికి పోవాలన్నా ముందు నాలుగు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డెక్కాలి. దారిలో నిలువ నీడ లేదు. పోయిన వారం సిద్దమ్మ వడదెబ్బకు ఆ దారిలోనే పడిపోయింది. అటుగా వచ్చింది గిరే. ఆమెను తుండుతో తన వీపుకు కట్టుకుని, బైకు మీద ఆసుపత్రికి చేర్చాడు. ఊరు అతన్ని దేవుడంది. అప్పట్నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

“గిరీ, ఇది నువ్వే కదా రాసింది?” హేమావతి తలెత్తింది.

అతను నోరు తెరిచేలోపే ముందు వరసలో సిద్దమ్మ లేచింది. నెత్తిన తడి తుండు.

“ఆ పిల్లోని తప్పేం లేదు మేడం. పున్నమికి ఊరు వదిలిపెట్టేది మా కట్టుబాటు. మేమే ఈడ లేము.”

“మూడు రోజులూనా?”

సిద్దమ్మ నెత్తిన తుండు సర్దుకుంది. “మూడు దినాలూ.”

కట్టుబాటు తప్పితే ఊరికి అగ్గి తగులుతుందని మనవళ్లను బెదిరించే మనిషి, ఆ కట్టుబాటు మీదే అబద్ధమాడింది. ఊళ్లో ఒక్కరూ ఆమెను కాదనలేదు.

హేమావతి పెన్ను మూత తీసింది. “లెక్క తప్పయితే రద్దు చేసి మళ్లీ తీయించేదాన్ని. మీరు ఊళ్లో లేకపోయినా, బస్సు ఎవరూ ఎక్కలేదన్నది నిజమేగా. రూలు ప్రకారం ఇది సరైన లెక్కే. నా చేతుల్లో ఏమీ లేదమ్మా.”

సిద్దమ్మ ముఖం పాలిపోయింది. గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలుంది. గిరి నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది.

“ఒక్క దినమే మేడం,” అన్నాడు. “నేను పోయింది ఒక్క దినమే. అది పున్నమని, జనం ఉండరని తెలుసు. ఈ అవ్వే చెప్పింది, రేపు రమ్మని. మిగతా రెండు సున్నాలు దొంగవి.”

హేమావతి గుట్టకిందపల్లె కాగితాన్ని ఫైల్లోంచి లాగి పక్కన పెట్టింది. “రేపట్నుంచి వేరేవాళ్లు లెక్క తీస్తారు. నువ్వు ఆఫీసుకు రావద్దు. ఉత్తర్వు ఇంటికొస్తుంది.”

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. సిద్దమ్మ అప్పటికే ఊరిదారి పట్టింది. గిరి బైకు ఆమె పక్కన ఆపాడు.

“ఎక్కవ్వా.”

“వద్దులేప్పా. నడిచేది అలవాటైంది, నీ పుణ్యాన.”

అతను ఇంజను ఆపేశాడు. బైకు తోసుకుంటూ ఆమె వెనకే నడిచాడు. ఇంకా నాలుగు కిలోమీటర్లుంది.