కుట్లు మానేదాకా

"మెల్లగ, మెల్లగ పట్టుకో. దానికి ఆపరేషన్ అయింది" అన్నాడు ఉదయ్ భాస్కర్, సోఫాలోంచి లేవకుండానే.

రాజ్యశ్రీ ఒక చేత్తో రూబీ తలని ఆనించుకుని, రెండో చేత్తో ఉడికిన చికెన్‌ని ఎముక లేకుండా వలిచి, మెదిపి, దాని నోటికి అందిస్తోంది. 'మెల్లగ' అనే మాట మొగుడికి వచ్చని ఆమెకు ఈ వారమే తెలిసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ నోటి నుంచి ఆమె విన్నవన్నీ జల్దీలే. జల్దీ చాయ్, జల్దీ అన్నం, అంగీ ఇస్త్రీ కాలేదా, జల్దీ. పడక మీద కూడా జల్దీయే.

రూబీ తెల్లటి పొమరేనియన్. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, ఎదురింటివాళ్లకు ఉందని ఉదయ్ తెచ్చాడు. దానితో ఫోటోలు దిగేది ఆయన. తిండి, స్నానం, అది పాడుచేసిన గచ్చు కడగడం ఈమె వాటా. అలాగని కుక్క మీద ఆమెకు కోపమేమీ లేదు. వంటింట్లో ఆమె ఎటు తిరిగితే అటు తిరిగే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. స్నానం చేయిస్తుంటే దాని పక్కటెముకల మీద గడ్డ తగిలింది కూడా ఆమె చేతికే. "గేటు తాకి వాచింది, పసుపు సున్నం పట్టియ్" అంది అత్త సీతారావమ్మ. పట్టించింది. గడ్డ కరగలేదు సరికదా, గట్టిపడి పెరిగింది. చివరికి ఖమ్మంలో పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి, ఇది ఎముకలో పుట్టిన కణితి, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు.

నిండు మిర్చి సీజన్లో కమిషన్ దుకాణాన్ని గుమాస్తాకు అప్పజెప్పి ఉదయ్ కారు తీశాడు. రూబీ ఇంకెవరి ఒళ్లోనూ ఉండదు కాబట్టి రాజ్యశ్రీ కూడా వెళ్లింది. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ హేమలత వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "కణితి ఉన్న ఎముకతోపాటు అటొకటి, ఇటొకటి తీసేసినం. గింత చిన్న ప్రాణికి ఛాతీ గోడల అది పెద్ద కంత. అక్కడ వలలాంటి జాలీ ఏసి, వీపు కండ తెచ్చి దానిమీద కప్పి కుట్టినం. ఆ కండ అతుక్కునేదాక రూబీ మీద ఏ బరువూ పడొద్దు. తొందరపడితే లోపలి కుట్టు తెగి, లోపలిది బయటికి తోసుకొస్తది. ఎత్తాల్నంటే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టుండ్రి. నొప్పయితే రూబీ నోరు తెరిచి చెప్పుకోలేదు, మీరే కనిపెట్టాలె. కుట్లు మానేదాక రూబీని ఒంటరిగ ఇడిచిపెట్టొద్దు."

ఉదయ్ బడిపిల్లాడిలా తలూపుతూ విన్నాడు. మర్చిపోతానేమోనని ఫోన్లో రికార్డు కూడా చేసుకున్నాడు. ఇంటికొచ్చాక తల్లికి వినిపించాడు, గుమాస్తాకు వినిపించాడు. సీతారావమ్మ కళ్లొత్తుకుంది. రాజ్యశ్రీ చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే చీర కుచ్చిళ్ల మీదికి పోయింది.

ఆమెకు గర్భసంచి తీసేసినప్పుడు ఇంకో డాక్టరు దాదాపు ఇవే మాటలు చెప్పింది. బరువు ఎత్తొద్దు, వంగొద్దు, లోపలి కుట్లు మానడానికి టైం పడుతుంది. అప్పుడు వినడానికి పక్కన ఎవరూ లేరు. ఉదయ్ మార్కెట్లో ఉన్నాడు. సీజన్ అన్నాడు. సీజన్‌ను విడిచిపెట్టి రావడం కుదురుతుందని ఆమెకు రూబీ చూపించేదాకా తెలియదు.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. ఉదయ్ తాత వెంకటప్పయ్య ముదిగొండ నుంచి వచ్చి దుకాణం పెట్టినప్పుడు మొదలైంది. టేకులపల్లి అడవుల వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి మిర్చి బస్తాలతో వచ్చే రైతులు హోటల్లో తినకూడదు, ఇంటికొచ్చి తినాలి. కోడలే వండాలి, కోడలే వడ్డించాలి. ఆ అన్నానికి మొహమాటపడి రైతు ఇంకో దుకాణానికి పోడు. అది మర్యాదో వ్యాపారమో ఆ ఇంట్లో ఎవరూ తరచి చూసుకోలేదు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఆమెకు ఒంట్లో నీరసం కూడా తగ్గలేదు, పొయ్యి మీద పెద్ద బగోనె ఎక్కింది. గంజి వార్చడానికి ఆమె గోడ పట్టుకుని లేస్తుంటే, తండా నుంచి వచ్చిన మంగీలాల్ విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. "కూసో అమ్మా, నేను వారుస్త" అన్నాడు. సీతారావమ్మ అడ్డుపడింది. "రైతుతోని గంజి వార్పిస్తే మన ఇజ్జత్ ఉంటదా? లే, రాజ్యం."

రాజ్యం లేచింది. బగోనె వంచుతుంటే బొడ్డు కింద ఏదో పుటుక్కున తెగింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. కేక వేస్తే విస్తళ్ల ముందు ఉన్నవాళ్లు లేస్తారని పళ్లు బిగపట్టి వార్చేసింది. ఇంటి ఇజ్జత్ నిలబడింది, ఆమె కడుపు గోడ నిలబడలేదు. అప్పటినుంచి నిలబడితే అక్కడ ఒక ముద్ద పొడుచుకొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. హెర్నియా అన్నారు. జాలీ వేసి కుట్టాలి, పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది అన్నారు. ఒకసారి సీజన్ అడ్డొచ్చింది, ఒకసారి ఆడపడుచు దీపిక పురుడు అడ్డొచ్చింది. ఇప్పుడు ఖమ్మం దవాఖానాలో సోమవారం చేరమన్నారు. మొన్న రాత్రి నొప్పికి కళ్లు తిరిగి వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయినప్పుడు, ఈసారి ఆగితే తాను మిగలనని ఆమెకు భయం పుట్టింది.

గిన్నె కడిగి వచ్చి ఆ మాటే చెప్పింది. "సోమవారం నన్ను అడ్మిట్ గమ్మన్నరండీ."

"గిప్పుడా? మరి రూబీని ఎవరు చూస్తరు? కుట్లు మానేదాక ఒంటరిగ ఇడిచిపెట్టొద్దన్నరు. నువ్వు గూడ ఇన్నవ్ గదా."

"దానికంటే క్యాన్సర్ గడ్డ" అంది సీతారావమ్మ లోపలి గదిలోంచి. "నీకేమైంది? జరంత కడుపు ముందుకొచ్చింది. ఏ ఆడదానికి రాలే?"

రాజ్యశ్రీకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. కుక్క నోరు తెరిచి చెప్పుకోలేదని దాని మూలుగుని కనిపెట్టడం నేర్చుకున్న మనుషులు, నోరు తెరిచి చెప్పిన తన మాట వినడం ఎందుకు నేర్చుకోలేదు?

మర్నాడు రూబీ ఛాతీ కట్టు జారిపోతోందని ఉదయ్ ఒకటే హైరానా పడ్డాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఎముక లేనిచోట చర్మం లోపలికి లాగుతుంటే చూడలేకపోయాడు. అటూ ఇటూ వెతికితే దండెం మీద ఆరుతున్న బెల్టు కనిపించింది. రాజ్యశ్రీ పొద్దున లేచింది మొదలు చీర కింద కడుపుకి బిగించుకునే బెల్టు అది.

"గిది మంచిగ మెత్తగుంది. సనోబర్ కాడికి పోయి కోయించి, రూబీకి సరిపోయేటట్టు కుట్టిచ్చుకరా."

"అది నేను కట్టుకునేది."

"నువ్వు చీర జర గట్టిగ కట్టుకుంటే అయిపాయె."

ఆమె బెల్టు తీసుకుని వెనక వీధిలో సనోబర్ మిషన్ దగ్గరికి వెళ్లింది. సనోబర్ ఆ వీధి ఆడవాళ్లందరి జాకెట్లూ కుడుతుంది కాబట్టి ఎవరి ఒంట్లో ఏముందో ఎరిగిన మనిషి. బెల్టు తిప్పి చూసి కత్తెర పక్కన పెట్టేసింది.

"అక్కా, గిది కోస్తే నువ్వేం కట్టుకుంటవ్?"

పరాయి మనిషి అడిగిన ఆ ఒక్క మాటకి, ఇంట్లో రాని ఏడుపు అక్కడ వచ్చింది. సనోబర్ చెంబుతో నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. రాజ్యశ్రీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"కొయ్యకు. పాత బనీను గుడ్డతోని దానికి వేరేది కుట్టు. పాపం, దాని తప్పేముంది. సోమవారం నాతోని దవాఖానాకు వస్తవా?"

"అవ్, వస్త. మిషన్ ఎటు పోతది?"

సోమవారం పొద్దున రాజ్యశ్రీ పొయ్యి వెలిగించలేదు. బెల్టు బిగించుకుని చీర కట్టుకుంది. రూబీకి కొత్త కట్టు తొడిగి, ముద్దపెట్టి, ఎత్తి తెచ్చి ఉదయ్ చేతుల్లో పెట్టింది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి నడుము కింద. ఆయన వేళ్లను తనే సర్దింది. రూబీ ఆమె వైపు చూసి సన్నగా మూలిగితే దాని చెవులు నిమిరింది. గేటు బయట ఆటోలో సనోబర్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎటు పోతున్నవ్? టేకులపల్లి నుంచి బండ్లు వస్తున్నయ్. రైతులకు అన్నం ఎవరు వండాలె?" అన్నాడు ఉదయ్. రెండు చేతులూ కుక్క కింద ఉన్నాయి, గేటుకు అడ్డం పోవడానికి లేదు.

"రాజ్యం, ఏందిది?" అంది సీతారావమ్మ గుమ్మంలోంచి.

రాజ్యశ్రీ చెప్పులేసుకుని, మొగుడి జేబులోని ఫోన్ వైపు చూసింది.

"డాక్టరమ్మ చెప్పింది మీ ఫోన్ల ఉంది గదా. రూబీ అన్నకాడల్ల నా పేరు పెట్టుకొని, అమ్మా కొడుకులు ఇంకొక్కసారి ఇనుండ్రి."