తొలికాయ మాస్టారికి

ఆనపకాయ తరిగే ముందు తొడిమ దగ్గర గోరంత ముక్క కోసి నాలిక మీద పెట్టుకోవాలని ఒకరికి చెప్పాలా? మా ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. మా అమ్మ నాకు చెప్పలేదు, పెళ్లయి వెళ్లిన నా కూతురికి నేను చెప్పలేదు. వంటింట్లో తిరిగే పిల్ల చూసి నేర్చుకుంటుంది. చప్పగా ఉంటే కూరకి, చేదు తగిలితే పెంటకుప్ప మీదకి. అంతే సంగతి. పట్నంలో పచ్చికాయని అలాగే మిక్సీలో వేసి తాగేస్తారని నేను కలగన్నానా? ఇప్పుడు ఎంత అరిచి ఏం లాభం. అయినా అరుస్తాను, నా నోరు అలాంటిది.

మాది విజయనగరం నుంచి వస్తే గంట్యాడ దాటాక లోపలికి వెళ్లే ఊరు. నా మొగుడు దేవేంద్ర సాలూరు లారీల మీద డ్రైవరు, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. బావగారు పోయాక వాళ్ల వాటా, మా వాటా కలిపి మెట్టలో నేనూ మా తోటికోడలు లక్ష్మీనరసమ్మా కూరగాయలు వేస్తున్నాం. ఆమెను నేను అక్కా అంటాను. పురుగుమందు డబ్బా మా గట్టు మీదకి రాదు. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి కలిపి పులియబెట్టి పాదులకు పోయడం అక్క పని. బుధవారం, శనివారం కూరలు బుట్టలకెత్తి మోపెడ్ మీద విజయనగరంలో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావడం నా పని. ఏ కాలంలో ఏది కాస్తే అదే బుట్టలో ఉంటుంది. వానాకాలంలో కాలీఫ్లవర్ ఏదని అడిగిన ఆవిడతో గుమ్మంలోనే పోట్లాడాను.

తోటపాలెంలో ఉండే జగన్నాధం మాస్టారిది మేం కూరలిచ్చిన మొదటి ఇల్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. భార్య పోయింది. కూతురు శ్రావణికి బ్యాంకు ఉద్యోగం, కాబట్టి ఇంట్లో వంట ఆయనదే. తక్కిన ఇళ్లన్నీ ఆయన మాట మీద వచ్చినవే. బుట్ట దించగానే ఒక్కో కూరా చేతిలోకి తీసుకుని ఎలా వండాలో అడిగేవారు. నేను గడప మీద కూర్చుని చెప్పేదాన్ని.

"వంకాయలో ఆవ ఎప్పుడు కలపాలి రాణీ?"

"దించీసినాక మాస్టారూ. పొయ్యి మీదుండగా కలిపీసినారంటే సేదెక్కిపోద్ది. కిందటిసారి కూడా ఇదే సెప్పినాను, మరిసిపోయినారేటి?"

"మర్చిపోలేదమ్మా. నువ్వు తిడుతూ చెబితే బాగా గుర్తుంటుందని మళ్లీ అడిగాను."

ఆయన అంతే. నా నోటికి నొచ్చుకోని మనిషి ఆ ఊరు మొత్తంలో ఆయనొక్కరే. పైగా తిన్నాక ఎలా ఉందో తప్పకుండా చెప్పేవారు. ముల్లంగి పులుసులో బెల్లం కాస్త ఎక్కువైందనీ, చిక్కుడుకాయలు వెన్నలా ఉడికాయనీ, బచ్చలి తిన్న పూట చనిపోయిన భార్య గుర్తొచ్చిందనీ. ఆ మాటల కోసం ఊళ్లో అక్క ఎదురుచూసేది. నేను మోపెడ్ దిగీ దిగకముందే, డబ్బుల సంగతీ అడగదు, ఎండ సంగతీ అడగదు. "మాస్టారేటన్నారే?" అంటుంది. ఆయన ఒకటంటే నేను రెండు కలిపి చెప్పేదాన్ని. అక్క మొహం చూడాలి అప్పుడు.

ఈ చలికాలం మొదట్లో మా కంచె మీద ఒక ఆనపపాదు తనంతట తానే మొలిచింది. ఎవరూ గింజ పెట్టలేదు. అక్క దానికి రోజూ నీళ్లు పోసి, తీగ పాకడానికి కర్రలు పాతింది. అమ్మవారిచ్చిన పాదు అంటూ మురిసిపోయింది. అది కూడా అలాగే కాసింది, నిగనిగలాడుతూ, ఒక్క మచ్చ లేకుండా.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ పాదు తొలికాయనీ అమ్మం. కోసి, ఇంట్లో వండుకుని తిన్నాకే రెండోకాయ బుట్టలోకి వెళ్తుంది. మా అత్తగారి కాలం నుంచీ అంతే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఏదో ఆనవాయితీ, తొలికాయ ఇంటివాళ్లకి దక్కాలి కాబోలు అనుకున్నాను. అక్క కూడా అలాగే అనుకుంది. అసలు కారణం చెప్పగలిగిన అత్తగారు పోయి చాలా కాలమైంది.

ఆ బుధవారం అక్క ఆ పాదు తొలికాయ కోసి నా చేతిలో పెట్టింది.

"ఇది మాస్టారికిచ్చీవే."

"తొలికాయ కదక్కా?"

"అందుకే ఇమ్మంతన్నాను. ఆయన నేకపోతే మన కూరలు సంతలో వాడిపోయీవి. ఆయన నోటితో బాగున్నాదంటే మనం తిన్నట్టే."

"ఓయబ్బో, అమ్మవారి కన్నా ముందు మాస్టారేటి?"

"అమ్మవారు తిన్నాదో నేదో సెప్పదు కదే. ఆయన సెప్తారు" అని నవ్వింది అక్క. అలా నవ్వడం ఆమెకి ఎక్కువ అలవాటు లేదు. అందుకే గుర్తుండిపోయింది.

మాస్టారు ఆ కాయని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నారు. తొలికాయ సంగతి చెప్పాను. ఆయన కాయని కళ్లకద్దుకున్నారు. తర్వాత, షుగరు పెరిగిందనీ, పొద్దున్నే పచ్చి ఆనపకాయ రసం తాగితే తగ్గుతుందని ఫోనులో ఎవరో చెబుతుంటే చూశాననీ అన్నారు. పాత కాయలు రెండు ఇంట్లో ఉన్నాయట, అవయ్యాక దీన్ని మొదలుపెడతానన్నారు.

"పచ్చిదేటి మాస్టారూ, పసరు కదా" అని మూతి ముడిచాను.

"పచ్చిది తాగితే ఏమీ కాదు కదా రాణీ?"

"మందు సుక్క తగల్నేదు. కడక్కపోయినా పర్నేదు. మీకేటి, పసిపిల్లకైనా పట్టీవొచ్చు."

ఆ మాట అన్నది నేనే. ఎవరో అన్నట్టు చెప్పలేను.

శనివారం, మాస్టారి మాట వినకముందే, అక్క ఆ పాదు మీద మిగిలిన కాయలన్నీ కోసి బుట్టల్లో సర్దింది. ఒక్క పిందె మాత్రం వదిలింది. నేను కంటోన్మెంటు వైపు ఇళ్లు, గంటస్తంభం వైపు ఇళ్లు ముగించుకుని తోటపాలెం చేరేసరికి మాస్టారింటికి తాళం ఉంది. ఆయన ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్లరు. శ్రావణికి ఫోను చేశాను.

"నాన్నని ఆసుపత్రిలో చేర్చాం రాణక్కా. నిన్న పొద్దున రసం తాగిన అరగంటకే వాంతులు. తర్వాత రక్తం పడింది. రసం ఇంట్లో తీసిందే కదా, బయట తిన్నదేదో పడలేదేమో అంటున్నారు డాక్టర్లు. తాళం పక్కింట్లో ఉంది, నాన్న షుగర్ మందుల సంచి వంటింటి గట్టు మీదుంటుంది. అది కొంచెం తెచ్చిపెడతావా?"

తాళం తీసి వంటింట్లోకి వెళ్లాను. మిక్సీ గిన్నె కడగకుండానే ఉంది. పక్కన సగం కోసిన ఆనపకాయ, మా కాయే. నేనేమీ ఆలోచించలేదు. చెయ్యి తనంతట తానే వెళ్లింది. గోటితో గీరి నాలిక మీద పెట్టుకున్నాను.

కాకరకాయ చేదు వేరు. అది మనల్ని మింగనిస్తుంది. ఇది నాలికని పట్టుకుని వదల్లేదు. ఎన్నిసార్లు ఉమ్మినా, ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు. మందుల సంచి తీసుకుని బయటపడ్డాను.

అక్కకి ఫోను చేసి చెప్పాను. అటునుంచి నడుస్తున్న చప్పుడు వినపడింది, ఆకులు కదిలిన చప్పుడు, ఆ తర్వాత ఉమ్మిన చప్పుడు. పిందె కొరికి చూసిందని అర్థమైంది.

"ఇచ్చిన కాయలన్నీ ఎనక్కి తెచ్చీవే" అంది. "పురుగు పట్టినాదని సెప్పు. విషమని సెప్తే మళ్లీ ఎవులూ మనల్ని గుమ్మం తొక్కనీరు."

శ్రావణికి ఫోనులో చెప్పే ధైర్యం చాలక, ముందు మోపెడ్ వెనక్కి తిప్పాను. నాకు మాస్టారి మొహం తప్ప ఏమీ కనపడటం లేదు. కానీ ఇంకా వండని కాయలు ఎన్నో ఇళ్లల్లో ఉన్నాయి. ఎవరింట్లో పొయ్యి ముందు వెలుగుతుందో తెలియదు.

గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టు వాళ్ల ఇల్లాలు పద్మకుమారి అప్పుడే కాయ చెక్కు తీస్తోంది.

"అమ్మగారూ, ఆ కాయ ఇచ్చీండి. పురుగు పట్టినాది."

ఆవిడ నవ్వింది. "ఏటే రాణీ, పురుగుంటేనే మందు కొట్టలేదని గుర్తంటావు కదా. వంకాయలో పురుగుందని ఫోను చేస్తే నువ్వే కదే నాకు క్లాసు పీకావు? పురుగున్న మేర తీసేసి వండుకుంటాను. నీకు నష్టం ఎందుకు?"

చెక్కు తీస్తూనే ఉంది. నా మాట నాకే అడ్డం తిరిగింది. నేను ఆ చేతిలోంచి కాయ లాక్కున్నాను.

"పురుగు కాదమ్మగారూ. ఇది సేదు ఆనప. తింటే మనిసి దక్కడు. జగన్నాధం మాస్టారు దీని రసం తాగే ఆస్పత్రిలో ఉన్నారు."

ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టింది. చేతులు సబ్బుతో కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. లోపలికి వెళ్లి తక్కిన బుట్ట కూడా తెచ్చింది. వంకాయలు, చిక్కుళ్లు, తోటకూర కట్టలు, అన్నీ.

"ఇవి కూడా పట్టుకెళ్లు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు."

వాటిలో ఏమీ లేదని చెప్పబోయాను. ఏ నోటితో చెప్పను?

తర్వాతి ఇంటికి నాకంటే ముందు కబురు చేరింది. ఆ తర్వాత బుట్టలన్నీ గుమ్మాల బయటే ఉన్నాయి, తలుపులు వేసి ఉన్నాయి. ఒక్కరూ తిట్టలేదు. ఒక్కరూ పలకరించలేదు. ఆనపకాయలు మాత్రం ఒక్కటి కూడా తగ్గకుండా దొరికాయి. ఇంకెవరి కడుపులోకీ అది పోలేదు. మా కూరలకి ఆ ఇళ్ల తలుపులు మూసుకుపోయాయి గానీ, ఆ ఒక్క పనీ చేయగలిగాను.

ఆసుపత్రికి వెళ్లి శ్రావణికి సంచి ఇచ్చాను. డాక్టర్లు బయట తిండి అనుకుంటున్నారు కదా, ఊరుకుంటే ఇక్కడెవరికీ తెలియదు అని ఒక్క క్షణం అనిపించింది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది ఆ తర్వాతి క్షణం. చెప్పేశాను. శ్రావణి లోపలికి పరుగెత్తింది. డాక్టరు బయటికి వచ్చి, కాయ ఎలా ఉంది, ఎంత తాగి ఉంటారు అని నన్ను అడిగి మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఆయన మొహంలో నాకు ఆశ కనపడలేదు.

శ్రావణి వచ్చి నా పక్క బెంచీ మీద కూర్చుంది. తిడుతుందని తల వంచుకున్నాను.

"చేదుగా ఉందని నాన్నకి తెలిసింది రాణక్కా" అంది. "ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టారు. పారబోసెయ్ నాన్నా అన్నాను. 'తొలికాయమ్మా ఇది. వాళ్లు తినకుండా నాకు పంపారు. రేపు రాణి వచ్చి ఎలా ఉందని అడుగుతుంది. వాళ్లక్కకి చెప్పాలిట. పారబోశానని చెప్పనా?' అని గ్లాసు మొత్తం తాగేశారు."

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆసుపత్రిలో అరవకూడదు కదా.

సోమవారం పొద్దున్న మాస్టారు పోయారు. తోటపాలెం వెళ్లి గేటు బయట నిలబడ్డాను. శ్రావణి నన్ను చూసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. పాడె లేచేదాకా ఉండి, ఊరికి తిరిగి వచ్చాను.

శనివారం నుంచీ అక్క ముద్ద ముట్టలేదు. పాదుని వేళ్లతో పీకి, నేను తెచ్చిన కాయలతో సహా గోతిలో పూడ్చేసింది. బోసిపోయిన కంచె దగ్గర నేల మీద కూర్చుని ఉంది. నేను మోపెడ్ ఆపగానే తలెత్తింది.

"మాస్టారేటన్నారే?"

మతి పోయిందేమో అనుకున్నాను. కాదు.

"ఆ రసం నోట్లో పోసుకున్నప్పుడు ఆయనేటన్నారు? శ్రావణి సెప్పనేదా? సేదని ఆయనకి తెలీనేదా?"

ఇన్నాళ్లూ ఈ ప్రశ్నకి నేను ఉన్నది కొంత, లేనిది కొంత కలిపి చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలంటే నా నోరు పెగల్లేదు. ఊరందరి మీదా పారేసుకునే నోరు.

"ఏటీ అన్నేదటక్కా. తెలీనేదట."

"నాను కొరికినాను కదే" అంది అక్క. "తెలీకుండా ఎలాగుంటాది?"

నేను ఖాళీ బుట్టలు తీసుకుని నూతి దగ్గరకు వెళ్లిపోయాను. ఎవరికి పంపడానికో తెలియకుండానే వాటిని కడిగాను.

తోటలో చిక్కుళ్లు ముదిరిపోతున్నాయి, వంకాయలు పండిపోతున్నాయి. మేమిద్దరం తినగలిగినంత వండుకుంటున్నాం. వంకాయలో ఆవ దించాకే కలుపుతున్నాను. అన్నం ముందు కూర్చుని అక్క రోజూ అదే అడుగుతుంది.

"తెలిసి కూడా ఎందుకు తాగీసినారే?"

తెలీదక్కా అంటాను.