బీరువా లేని హాలు

"మరదలా, గిటార్ వాయిస్తున్నావా, గరిటెలు తోముతున్నావా?" అన్నాడు బావ, డ్రమ్ముల వెనకనుంచి.

మామూలు రోజైతే దానికి వడ్డీతో సహా అప్పజెప్పేదాన్ని. ఆ సాయంత్రం తల వంచుకుని మళ్లీ తీగ లాగాను. బావ అన్నది నిజం మరి. నా బేస్ గిటార్‌లోంచి లావుగా, గుండ్రంగా స్వరం రావాల్సిన చోట టకటకమని రేకు చప్పుడు వస్తోంది. ఇంకాసేపట్లో తమ్ముడి ఆఫీసు వార్షికోత్సవం. మొదటి కార్యక్రమం మాదే.

తమ్ముడు గిటార్ వాయిస్తూ పాడతాడు. అక్క మొగుడు డ్రమ్ములు. బేస్ వాయించే అతను ఉద్యోగం మారి వెళ్లిపోతే, కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసుకునే నన్ను అతని స్థానంలో నిలబెట్టారు. నిలబెట్టారనడం అబద్ధం, నేనే ఎగబడ్డాను. దానికి కారణం అమ్మ.

అమ్మకి వినికిడి తగ్గుతోంది. సన్నటి శబ్దాలు ముందు పోయాయనీ, లావు శబ్దాలు ఇంకా మిగిలున్నాయనీ డాక్టరు చెప్పాడు. కాలింగ్ బెల్ వినపడదు గానీ వీధిలో లారీ వెళ్తే "ఎవరే వచ్చింది?" అంటుంది. కొడుకు పాడుతుంటే అతని పెదాలు చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లో ఇద్దరు వాద్యగాళ్లుండి కూడా అమ్మ చెవిన ఒక్క స్వరం పడటం లేదని నా ప్రాణం ఉసూరుమనేది. అందుకే సరిగా రాకపోయినా ఈ లావు తీగల వాద్యం నెత్తినేసుకున్నాను.

శబ్దం పెంచే యాంప్ పెట్టె తమ్ముడి ఆఫీసులోనే ఉంటుంది. అది లేకపోతే బేస్ గొంతు దోమ గొంతుకంటే తక్కువ. అందుకని ఇంట్లో గిటార్ తలని చెక్క బీరువాకి ఆనించి వాయించేదాన్ని. బీరువా మొత్తం గుంయ్‌మనేది. అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని, బీరువా తలుపుమీద అరచెయ్యి పెట్టి కూర్చునేది. ఆవిడ మొహం కాస్త విప్పారిందంటే చాలు, నేను ఇంకా గట్టిగా లాగేదాన్ని. వేళ్లు బొబ్బలెక్కాయి, తలుపు బందు ఒకటి వదులైంది, నాకు విద్య వచ్చేసిందనుకున్నాను. ఇక్కడికొచ్చి యాంప్‌కి వైరు తగిలించాక తెలిసింది, నేను ఇన్నాళ్లూ నేర్చుకున్నది బీరువా వాయించడమని.

"అక్కా, ఏమనుకోకు," అన్నాడు తమ్ముడు. "ఇంకాసేపు చూద్దాం. అవ్వకపోతే నీ స్వరాలు కీబోర్డులో పెట్టేస్తా. నువ్వు వెళ్లి అమ్మ పక్కన కూర్చో."

ఎంత మెత్తగా అన్నాడో! తిట్టినా బాగుండేది.

యాంప్ మీదున్న మీటలన్నీ తిప్పాను. అటు తిప్పితే బురద, ఇటు తిప్పితే రేకు. చెమటకి వేళ్లు జారుతున్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తీగలు పాతవన్నాను, వైరు బాగాలేదన్నాను. బావ లేచొచ్చి నా చేతిలోంచి గిటార్ తీసుకుని ఒక్క తీగ మీటాడు. గుండ్రంగా పలికింది.

"ఎలా చేశావు?"

"నాకేం తెలుసు? ఊరికే తాకాను," అని వెళ్లిపోయాడు.

ఇక చెప్పుకోవడానికి సాకు కూడా మిగల్లేదు. అంతలో అక్క అమ్మని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది.

"అమ్మా! సంచి! సంచి ఇటియ్యి!" అని చెవిలో అరుస్తోంది.

"అరవకే తల్లీ," అంది అమ్మ. "అరిస్తే మాట పగిలిపోతుంది. దగ్గరికొచ్చి మెల్లగా చెప్పు."

అమ్మ ఈ మాట మాకు రోజూ చెబుతుంది. మేమూ రోజూ అరుస్తాం. వినపడదేమోనన్న భయంతో అరుస్తాం.

నా చెయ్యి తీగమీదే ఉంది. నేను చేస్తున్నదీ అదే కదా అనిపించింది. అమ్మకి వినపడదేమోనని తీగ చేత అరిపిస్తున్నాను. అది వెళ్లి కింద గిటార్ మెడమీద అడ్డంగా ఉన్న లోహపు ఫ్రెట్లకి కొట్టుకుని పగులుతోంది.

"బావా, యాంప్ పెంచు."

"ఇంకానా? మీ అమ్మకి తోడు మా చెవులూ పోవాలా?"

"పెంచు. అరిచే పని దానిది, మెల్లగా మీటే పని నాది."

ఎడమచేతి వేలిని సరిగ్గా ఫ్రెట్ పక్కకి జరిపాను. మిగతా తీగలు మోగకుండా బొటనవేలు ఆనించాను. కుడిచేతి వేలితో, నిద్రపోతున్న పసిపిల్ల బుగ్గ తాకినంత మెత్తగా మీటాను. స్వరం వచ్చింది. నేలమీదుగా నా మడమల్లోకి వచ్చింది. బావ వెక్కిరించకుండా తాళం కలిపాడు. బావ దగ్గర అంతకుమించిన మెప్పు దొరకదు. తమ్ముడు కీబోర్డుని గోడవైపు జరిపేశాడు.

భయం మాత్రం పోలేదు, ఇంకోచోట పట్టుకుంది. ఇంత మెల్లగా వాయిస్తే అమ్మకి వినపడుతుందా? చెయ్యి ఆనించుకోవడానికి ఇక్కడ బీరువా లేదు.

హాలు నిండింది. మొదటి పాట ఎత్తుకున్నాం. అమ్మ అరచేతులు రెండూ కుర్చీ చేతులకి గట్టిగా అదిమిపెట్టి నావైపే చూస్తోంది. మొహంలో ఏ మార్పూ లేదు. నా వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. ఒక స్వరం టక్కుమంది. బావ తలెత్తి చూశాడు. గట్టిగా లాగు, ఆవిడకి వినపడటం లేదు, లాగు అని లోపల ఒకటే పోరు. లాగలేదు. ఏడుపొస్తున్నా మెల్లగానే వాయించాను.

రెండో చరణంలో అమ్మ కుర్చీ మీదనుంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టేసుకుంది. విసుగొచ్చి ఆశ వదిలేసుకుందనుకున్నాను. అక్కణ్నించి పాట ఎలా పూర్తి చేశానో నాకు తెలీదు.

పాట ఆగింది. చప్పట్లు మొదలయ్యేలోపు చిన్న నిశ్శబ్దం ఉంటుంది కదా, అందులో అమ్మ, తన గొంతు తనకి వినపడదు కాబట్టి, హాలంతటికీ వినపడేలా అక్కతో అంది:

"చెయ్యి పెట్టకుండానే వినపడుతోందే!"