ఆపకూడని పెట్టె

నేను ఒక సన్నపాటి కంప్యూటరు పెట్టెను. అన్నం డబ్బా అంత ఉంటాను, చప్పుడు చేయను. పదిమంది చేతులు పడే చోట యంత్రం పాడవకూడదంటే దాని కడుపులో ఎవరినీ ఏమీ రాయనివ్వకూడదని నన్ను చేసినవాళ్లు లెక్క కట్టారు. అందుకే నా డిస్కుకు తాళం వేశారు. దాచమంటే దాచానంటాను. కానీ ఆపి మళ్లీ లేపితే అంతా తుడిచేసుకుని, కొన్ననాటి పెట్టెలా నిలబడతాను. కావలసిన సరుకు పక్క గదిలోని సర్వరుకు పంపుకోవాలి. నేను అంగడినే గానీ గోదామును కాను.

మొదట కాకినాడలో ఒక బీమా ఆఫీసులో ఉన్నాను. అక్కడ సాయంత్రం కాగానే స్విచ్చి కట్టేసేవారు. వైరస్‌లూ, సినిమా పాటలూ, గుమాస్తాల పెళ్లిచూపుల ఫోటోలూ మర్నాటికి మాయం. నా వల్ల ఎవరికీ నష్టం రాలేదు, నన్ను మెచ్చుకున్నవాడూ లేడు. కొత్తవి రాగానే నన్ను ఉప్పాడలో ఒక నేత సంఘానికి అమ్మేశారు. నిక్షేపంలాంటి పెట్టె. కొన్నవాళ్లదే తెలివి.

ఇక్కడ నా ముందు కూర్చునేది లోవలక్ష్మి, చీరల అంచులు గీసే అమ్మాయి. వానాకాలమంతా పనిలేక మగ్గాలు ఆగిపోయాయి. దసరా వెళ్లాక విజయవాడ షాపువాళ్లు నమూనా చూడటానికి వస్తారు. నచ్చితే ఊళ్లో అందరికీ పని. దానికోసం ఆమె ఒక పాత చీర అడిగి తెచ్చి, చివికిన పోగులు లెక్కపెట్టి, దాని హంసల అంచును నా తెర మీద గడి గడిగా ఎక్కించింది. చీర సొంతదారు దగ్గరకు వెళ్లిపోయింది, అంచు నా దగ్గరే ఉంది. సర్వరుకు పంపడం ఆలస్యమని నాలోనే దాచేది. నేను లేవడం ఆలస్యమని నన్ను ఆపకుండా తెర మాత్రం ఆర్పేది. రోజూ కనిపిస్తోంది గనుక ఉందనుకుంది. కళ్లముందున్న సరుకంతా తమదే అనుకోవడం మనుషుల అలవాటు.

ఆయుధపూజ వచ్చింది. ఆరోజు పనిముట్లకు సెలవు. మేనేజరు పేర్రాజుగారు పొద్దున్నే సర్వరును ఆపి, గంధం పూసి, బంతిపూల దండ వేసి నా దగ్గరకు వచ్చారు.

"దీన్ని కూడా ఆపేయ్ అమ్మాయ్."

"అలాగేనండి. అంతా సేవ్ చేసే ఉంది."

లోవలక్ష్మి స్విచ్చి మీద వేలు పెట్టింది. ఈ అంచు మొదలుపెట్టాక నన్ను ఒక్కసారీ ఆపలేదని అప్పుడు తట్టింది. ఆపినా అంచు ఉంటుందో లేదో అడుగుదామని, మమ్మల్ని బాగుచేసే వీరబాబుకు ఫోన్ చేసింది.

"ఆపకక్కా," అన్నాడతను. "దానికి తాళం ఉంది. ఆపావంటే గీసిందంతా గోదాట్లో కలిసినట్టే."

"అయితే తాళం తియ్యి."

"తియ్యాలంటే ముందు ఆపి లేపాలి."

"బాగుంది సంబడం. ఇంటావిణ్ణి వీధిలో నిలబెట్టే తాళమా ఇది?"

"సర్వరుకు పంపేయ్ అక్కా, గొడవ ఉండదు."

సర్వరు మెడలో దండ ఉంది. ఆమె పేర్రాజుగారి వైపు చూసింది.

"దాన్ని ఒక్కసారి లేపుదామండి."

"పూజైనదాన్ని ఎలా లేపుతామమ్మా? రేపు మగ్గాలు ఆడకపోతే ఆ పాపం నాదే అంటారు."

"అంచు పోతే ఎవరిదంటారండి?"

ఆయన వెనక మగ్గాల షెడ్డు వైపు చెయ్యి చూపించారు.

"మగ్గం మీద చీర సగంలో ఉంటే పూజనాడు ఏం చేస్తాం?"

"పోగు తెంపమండి. అలాగే ఉంచి బొట్టు పెడతాం."

"దీనికీ అంతే. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

అలా వెలుగుతూనే బొట్టు పెట్టించుకున్నాను. లోవలక్ష్మి నా పక్కన కుర్చీ వేసుకుని ప్రసాదం శనగలు తింటూ కాపలా కూర్చుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. నన్ను నిలబెట్టే బ్యాటరీ పెట్టె కీచుమంది. ఆమె నమలడం ఆపేసింది. కరెంటు వచ్చాకే మింగింది.

మర్నాడు సర్వరు దండ తీసి లేపారు. అంచు అటు చేరింది, కాగితం మీదికి దిగి షెడ్డులో ఖాళీ మగ్గానికి ఎక్కింది. చీర దిగాక విజయవాడవాళ్లు వచ్చి దాన్ని వెలుతురులో పట్టి చూశారు, తిరగేసి చూశారు, ఇలాంటివే నేయమన్నారు.

వాళ్లు వెళ్లాక లోవలక్ష్మి నన్ను ఆపి లేపింది. ఒక్క హంసా మిగల్లేదు. ఖాళీ తెరను చూస్తూ తలకాయ ఆడించింది, తిట్టో మెప్పో నాకు తెలియదు. ఇంతలో ఊళ్లో ఒక మగ్గం చప్పుడు, దాని వెనకే ఇంకొకటి. ఆమె కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది.